కరెంటాయన సైకిలు

ఆషాఢం వచ్చిందంటే మా ఇంటి ముందు కరెంటు తీగలు పాడేవి. తెల్లవారుజామున, ఇంకా కోడి కూయకముందే, సన్నగా మొదలై ఎక్కడా ఊపిరి తీసుకోకుండా సాగే జుమ్మనే శబ్దం. నాయన మంచం మీద పడుకునే చెవి పెట్టి వినేవాడు. "ఉత్తరం లైను పాడతాండాది. ఈ పొద్దు పడమటి ఊర్లు ముందు చూసుకోవల్ల" అనేవాడు అమ్మతో. అమ్మ లేచి సద్దికి సంగటి ముద్ద కట్టేది.

మాది అనంతపురం జిల్లా కూడేరు. నాయన కరెంటు బోర్డులో లైన్‌మన్. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ, అందరికీ ఆయన "కరెంటాయన". పద్దెనిమిదో ఏట కొన్న హెర్క్యులస్ సైకిలు మీదే ఉద్యోగమంతా చేశాడు. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక్కి వంగి టైరుకు ఒరుసుకునే డైనమో. క్యారియర్ మీద గోనెసంచిలో కటింగ్ ప్లయర్, రబ్బరు గ్లౌజులు, తాడు, ఫ్యూజు తీగ చుట్ట. హ్యాండిల్‌కు సద్ది మూట. అంతే. మీటరు లేదు, పటం లేదు, చేతికి గడియారం కూడా చాలా ఏళ్లు లేదు.

తీగ ఎందుకు పాడుతుందో నేను చాలా ఏళ్ల తర్వాత కాలేజీలో చదువుకున్నాను. గాలి తీగకు అడ్డంగా తగిలితే దాని వెనక చిన్న చిన్న సుడులు పుడతాయి. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వంతులేసుకొని విడిపోతూ తీగను వణికిస్తాయి. గాలి తీగ వెంబడే పోతే ఆ వణుకు రాదు. అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే లైను పాడిందంటే గాలి పడమటి నుంచో తూర్పు నుంచో వస్తున్నట్టు. ఆషాఢంలో మా సీమకు తూర్పు గాలి ఎక్కడిది! నాయనకు సుడుల సంగతి తెలియదు గానీ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు గాలికి ఎదురు తొక్కాలి, అలిసిపోయాక గాలిని వీపున పెట్టుకొని ఇల్లు చేరాలి. ఆయన ప్రయాణం మొత్తం ఈ ఒక్క లెక్క మీద నడిచేది.

బయటివాళ్లకు చెబితే నమ్మరు గానీ మా జిల్లాలో సైకిలు తొక్కేవాడికి అసలు కొండ గాలే. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే కురిసి తేలికై, మా దాకా వచ్చేసరికి వాన అయిపోయి గాలి మిగులుతుంది. జూన్ చివర నుంచి ఆగస్టు దాకా శెనక్కాయ చేను మీద దుమ్ము లేపుతూ పగలంతా ఒకటే ఊపు. చదును రోడ్డు మీద కూడా సీటు మీద నుంచి లేచి తొక్కాల్సి వస్తుంది. ఈ గాలిని చూసే కదా 1990ల్లో రామగిరి దగ్గర గాలిమరలు నిలబెట్టింది.

నాయనకు దూరమంటే కిలోమీటర్లు కాదు, స్తంభాలు. "ఏబీ స్విచ్ కాడ్నుంచి ఇరవై మూడో స్తంభం. ఇన్సులేటర్ పగిలింది" అని రాసుకునేవాడు జేబు డైరీలో. ఏబీ స్విచ్ అంటే స్తంభం మీద రేకులను కలిపీ విడదీసీ లైనుకు కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్. మా వైపు లైనుకు కిలోమీటరుకు పదహారు, పదిహేడు స్తంభాలు పడేవి. ఏదైనా ఊరు ఎంత దూరమని అడిగితే ఒక్క క్షణం ఆగి, కళ్లు కొంచెం చిన్నవి చేసి, "నూటా ఇరవై స్తంభాలు" అనేవాడు. నేను భాగహారం చేసుకోవాలి. ఊరివాళ్లకు ఇంకో లెక్క ఉండేది. ముసలివాళ్లు రోడ్డు మీది రాళ్లు కిలోమీటర్లలోకి మారి ఇరవై ఏళ్లయినా మైళ్లే చెప్పేవాళ్లు. గొర్రెల కాపర్లు రెండు బీడీల దూరం అనేవాళ్లు. నిజం చెప్పాలంటే బీడీ లెక్కే అన్నిటికన్నా నిజాయితీ గలది. ఎదురుగాలిలో నడక మందగిస్తుంది కాబట్టి దూరం రెండు బీడీల నుంచి మూడు బీడీలకు పెరుగుతుంది.

ఒకసారి రాత్రి నన్ను వెంట తీసుకుపోయాడు. నాకు పదకొండేళ్లు ఉంటాయి. ముద్దలాపురం వైపు ఏదో చేనులో తీగ తెగిందని కబురు. సబ్‌స్టేషన్ వాళ్లతో మాట్లాడి ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపించి పని చేసుకునే అనుమతి, తీసుకొని, నన్ను కడ్డీ మీద కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. అమావాస్య దగ్గర. డైనమో లైటు తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. రోడ్డు విడిచి బండిబాట పట్టాక నాకు భయం వేసి అడిగాను, దారి తప్పితే ఎట్ల నాయనా అని. ఆయన టార్చి పైకి పట్టి తీగ చూపించాడు. "దీని కిందనే నడిస్తే యాడికో ఒకాడికి చేరతావు. ఊరు రాకపోతే బోరు వస్తాది. బోరు కాడ నీళ్లుంటాయి, మనిషుంటాడు" అన్నాడు. కరెంటు ఎప్పుడొస్తుందా అని రాత్రంతా మోటారు కాడ కాపలా పడుకునే రైతులు ఉండే కాలం అది. మేము పోయేసరికి అట్లాంటి ఒకాయన నిజంగానే కంబళి కప్పుకొని గట్టు మీద కూర్చొని ఉన్నాడు. ఆ రాత్రి నుంచి నాకు చీకటంటే భయం పోయింది.

హైస్కూలుకు అనంతపురం వచ్చాక నా సొంత సైకిలు కాలం మొదలైంది. సొంతం అంటే గంటకు అర్ధరూపాయి అద్దె. టవర్ క్లాక్ దగ్గర మొదలుపెట్టి, గంటలో ఎంత దూరం పోయి రాగలనో అంత దూరం. ఆ రోజుల్లో నా ఊహలో ప్రపంచం ఒక చక్రం. దాని అంచు టవర్ క్లాక్‌కు సరిగ్గా అరగంట అవతల ఉండేది.

ఇప్పుడు పెట్టె సంగతికి వస్తాను. పెట్టె అంటే దూరం, వేగం చూపడానికి సైకిలుకు బిగించే కంప్యూటరు.

2009లో బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నా కోసం ఒక సైకిలు కొన్నాను, దానికి తీగతో బిగించే చిన్న కంప్యూటరు కొన్నాను. ఆ పండక్కి ఊరికి వచ్చేటప్పుడు అట్లాంటిదే ఇంకొకటి నాయన కోసం తెచ్చాను. అప్పటికి ఆయన రిటైరై ఆరేళ్లు. పొద్దున్నే టీ తాగడానికి రోడ్డు మీది అంగడి దాకా, అక్కడి నుంచి బుద్ధి పుట్టిన దిక్కుకు తొక్కేవాడు. ఎంత దూరం పోతాడో అమ్మకు తెలియదు, ఆయనా చెప్పడు. అందుకే తెచ్చాను.

బిగించేటప్పుడు పక్కన గొంతుక్కూర్చొని చూశాడు. స్పోకుకు చిన్న అయస్కాంతం. ఫోర్కుకు ఒక డబ్బీ, అందులో గాజు గొట్టం, గొట్టంలో రెండు సన్న రేకులు. అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా రేకులు కలుసుకుంటాయి, దాటిపోగానే విడిపోతాయి. పెట్టె ఆ కలయికలను లెక్కపెడుతుంది. చక్రం చుట్టుకొలత ఎంతో మనం ముందే చెప్పి ఉంటే దాంతో గుణించి దూరం చూపిస్తుంది, కాలంతో భాగించి వేగం చూపిస్తుంది. ఇది వినగానే నాయన మొహం వెలిగిపోయింది. "ఇది ఏబీ స్విచ్ తమ్ముడు రా!" అన్నాడు. ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాడు.

మరుసటి రోజు ఉరవకొండ రోడ్డు మీద పోయి వచ్చి, "మీ పెట్టె తప్పు చెప్తాండాది" అన్నాడు. కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ సరిగ్గా పది రాళ్లు పోయాడట. పెట్టెలో 9.2 ఉంది. కిలోమీటరు రాయికీ రాయికీ నడుమ రెండు వందల మీటర్లకొక చిన్న రాయి ఉంటుంది, వాటితో కూడా సరిచూసుకున్నాడు. "రాయి అబద్ధం చెప్పదు. పెట్టెకే ఎవరో అబద్ధం చెప్పినారు."

చెప్పింది నేనే. నా సైకిలు 26 అంగుళాల చక్రానికి సరిపోయే 2,050 మిల్లీమీటర్ల అంకెనే ఆయన పెట్టెలోనూ ఎక్కించాను. ఆ సంగతి చెప్పగానే పెరట్లోకి నడిపించాడు. వాల్వు నేలకు ఆనిన చోట సుద్దముక్కతో గీత గీయమన్నాడు. తను సీటు ఎక్కి కూర్చొని, నన్ను హ్యాండిల్ పట్టుకొని నడిపించమన్నాడు. వాల్వు ఒక చుట్టు తిరిగి మళ్లీ నేలకు ఆనిన చోట ఇంకో గీత. బోర్డులో వాడిన టేపు తీసి కొలిచాడు. 2 మీటర్ల 22 సెంటీమీటర్లు. మనిషి కూర్చుంటే టైరు కొంచెం నలుగుతుంది కాబట్టి బరువు మీదనే కొలవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్లు చేసే కంపెనీలు కచ్చితంగా కొలవాలంటే ఇదే పద్ధతి చెబుతాయి. 2,220 అని ఎక్కించాం. ఆ తర్వాత రాయీ పెట్టే ఒక్క మాట మీద ఉన్నాయి.

అమెరికాలో కర్టిస్ వీడర్ అనే ఆయన చక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి తట్టించుకొని అంకె మార్చే సైక్లోమీటరును 1895లోనే అమ్మకానికి పెట్టాడు. అంటే సైకిలు తొక్కేవాడికి ఎంత దూరం వచ్చానో తెలుసుకోవాలన్న కోరిక సైకిలంత పాతది. దాన్ని నేను తక్కువ చేయను. నాయన కూడా చేయలేదు. వేగం వైపు ఆయన చూపు పోయేది కాదు. బటన్ నొక్కి నొక్కి "మొత్తం" అనే గడి దగ్గర ఆపుకునేవాడు. ఫోను చేసినప్పుడు బాగున్నావా అనడానికి ముందే చెప్పేవాడు, "నిన్నటికి పదకొండు వందల నలభై" అని.

ఆయన 2015లో పోయాడు.

రెండేళ్ల తర్వాత నేను జీపీఎస్ ఉన్న పెద్ద పెట్టె కొన్నాను. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను వింటుంది, కనీసం నాలుగింటివి దొరికితే మనం ఎక్కడున్నామో లెక్క కడుతుంది. అమెరికా 2000 మే నెలలో సామాన్యులకిచ్చే సంకేతంలో కావాలని కలిపే తప్పును ఆపేసింది. అంతకు ముందు వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపేది, సైకిలు దారికి అది ఎందుకూ పనికొచ్చేది కాదు. ఇప్పుడు చిన్న తెర మీద మన దారి గీతగా కనిపిస్తుంది, మలుపు వచ్చే ముందు కూత వేస్తుంది. 300 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు ప్రయాణం, తొక్కినప్పుడు దాని విలువ తెలిసింది. ఇరవై గంటల్లో ముగించాలి. రాత్రి రెండింటికి హైవే పక్కన సర్వీసు రోడ్డులో నిలబడితే అడగడానికి నరమానవుడు లేడు. ఆ వేళ పెట్టె చూపిన మలుపే నన్ను గడువులోగా చేర్చింది. అందుకు రుణపడి ఉంటాను.

మా ఊరి దారుల మీద మాత్రం అది నన్ను బీదవాణ్ని చేసింది. ఇది పెద్ద మాటని తెలుసు, అయినా అంటున్నాను.

ఒక ఆషాఢంలో అనంతపురం నుంచి పెన్నహోబిలం పోయాను. 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. పోయేటప్పుడు ఎదురుగాలి, గంటకు పది దాటలేదు, నాలుగు గంటలు పట్టింది. నరసింహస్వామి గుడి మెట్ల మీద కూర్చొని నీళ్లు తాగి, పెన్నమ్మ ఇసుక చూసి, వెనక్కి తిరిగితే గాలి వీపున చెయ్యి పెట్టి తోసినట్టు రెండు గంటల్లో ఇంట్లో ఉన్నాను. రాత్రి పెట్టెలో చూస్తే సగటు వేగం 13.3. ఆ రోజంతా నేను ఆ వేగంతో పట్టుమని పది నిమిషాలు తొక్కి ఉండను. పోయేటప్పుడు పడిన కష్టం అందులో లేదు, వచ్చేటప్పటి సంతోషం లేదు. నాయన బతికి ఉంటే ఒక్క మాటలో చెప్పేవాడు, "పోయేటప్పుడు మూడు బీడీలు, వచ్చేటప్పుడు ఒకటి" అని.

ఇంకోసారి ఉరవకొండ దాటి విడపనకల్లు వైపు, ముందు రోజు వాన పడిన నేల మీద. పెట్టెలోని పటం చేల నడుమ ఒక అడ్డదారి చూపించింది, ఆరు కిలోమీటర్లు కలిసి వస్తుందని. కూత వేసిన చోట తిరిగాను. అర కిలోమీటరు పోకముందే నల్లరేగడి చక్రాలకు పిండిలా పట్టుకుంది. టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ బిగిసి చక్రం తిరగడం మానేసింది. భుజాన వేసుకుందామంటే సైకిలు రెండింతలు బరువుంది. గట్టు మీద గొర్రెల కాపరి ఒకాయన చూస్తున్నాడు. "వానపడినాక ఈ బాటలో ఎద్దులబండి గూడా రాదు కదప్పా. రోడ్డు కాడ అడిగింటే చెప్పేటోళ్లం గదా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, బాధ ఉంది. తన కర్ర కొనతో మట్టి గీకి తీయడానికి అరగంట సాయం చేశాడు. పటానికి దారి పొడవు తెలుసు, ఆ దారి ఏ మట్టిదో తెలియదు. ఎర్రనేల వానను తాగుతుంది, నల్లనేల మనిషిని పట్టుకుంటుంది అని నాయన నాకు చిన్నప్పుడే చెప్పాడు. తెర చూస్తూ ఆ మాట మరిచాను.

అడగడమంటే ఏమిటో తెలిసింది ఆ మరుసటి నెలలో. పెట్టె ఇంట్లో పెట్టి వచ్చాను. కావాలనే. ముద్దలాపురం రచ్చకట్ట దగ్గర ఆగి, కొర్రకోడు డ్యాముకు చేల మీదుగా ఎట్ల పోవల్ల అని ఒక అవ్వను అడిగాను. దారి చెప్పకముందు ఆమె నన్ను అడిగింది, యా ఊరు, ఎవురి కొడుకువు అని. కూడేరు అన్నాను. నాయన పేరు చెప్పాను, గుర్తుపట్టలేదు. లైన్‌మన్‌గా చేసేవాడు అన్నాను.

"కరెంటాయన కొడుకువా!"

లేచి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వదలకుండానే ఇంట్లోకి కేకేసి మజ్జిగ తెమ్మంది. వాళ్ల పెద్దకొడుకు బోరు వేసిన ఏడు, తొలి పంట నీళ్లు లేక ఎండిపోతుంటే, గాలివానలో నాయన రాత్రిపూట సైకిలు మీద వచ్చి లైనును కలిపే జంపరు తీగ వేసి మోటారు ఆడించి పోయాడట. "మోకాళ్ల దాకా బురద. ఉండప్పా, తిని పో అంటే ఇంట్లో పిల్లోడు ఒగడే ఉండాడని పాయ" అంది. ఆ పిల్లోణ్ని నేనే. ఆ రాత్రి నాకు గుర్తు లేదు. నలభై ఏళ్ల కిందట మా నాయన ఏ చీకట్లో ఎక్కడున్నాడో ఆ పొద్దు ఆమె నోటి నుంచి విన్నాను. ఆ తర్వాత దారి చెప్పింది. "ఇట్లే సీదా పో. జంట కానగమాన్లు వస్తాయి. ఆడ కుడి పక్కకు తిరిగితే నీళ్లు కనపడతాయి." మాన్లు రెండూ అక్కడే ఉన్నాయి.

పెట్టె ఉండి ఉంటే నేను రచ్చకట్ట దగ్గర ఆగేవాణ్ని కాదు. ఆలోచించిన ప్రతిసారీ నాకు ఒళ్లు ఝల్లుమంటుంది.

ఈ మధ్య మా అక్క కొడుకు సైకిలు కొన్నాడు. ఏ కంప్యూటరు కొనమంటావు మామా, ముప్పై వేలది మంచిదంట గదా అని ఫోను చేశాడు. మొదటి ఏడాది ఏదీ కొనవద్దన్నాను. గాలి నేర్చుకో అన్నాను. ఇప్పుడు ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు గుట్టల మీద గాలిమరలు ఉన్నాయి, అవి ఎటు మొహం తిప్పి ఉంటే గాలి అటు నుంచి వస్తున్నట్టు, ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే చూసుకో అన్నాను. పచ్చ రంగు రాయి రాష్ట్ర రహదారి, పసుపు రంగుది జాతీయ రహదారి, వాటి నడుమ చిన్న రాళ్లు లెక్కపెట్టుకుంటూ తొక్కు. ప్రతి ఊళ్లో ఒకసారి ఆగి దారి అడుగు, తెలిసిన దారైనా అడుగు. రాత్రిపూట దూరాలు పోయే రోజు వస్తే అప్పుడు జీపీఎస్ నాదే తీసుకుపో. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి తాత సైకిలుకు ఉండేది గదా మామా?" అన్నాడు.

ఉండేది. ఇప్పటికీ ఉంది.

నాయన పోయాక ఆ సైకిలు కూడేరు ఇంటి వసారాలోనే ఉంది. పోయిన దసరాకు పోయినప్పుడు తెర మీద అంకెలు మసకబారి కనిపించాయి. బటన్‌సెల్ అయిపోవస్తోంది. ఆ రకం పెట్టెల్లో సెల్ తీస్తే మొత్తం గడి సున్నా అయిపోతుంది. నాకు చేతులు వణికాయి. గూట్లో నాయన జేబు డైరీ తీసి, ఇన్సులేటర్లూ స్తంభాల నంబర్లూ ఉన్న చివరి పేజీ కింద అంకె రాసుకున్నాను. 6,318. ఆరేళ్లు. టీ అంగడి దాకా, ఉరవకొండ రోడ్డు మీద, ఇంకా ఎక్కడెక్కడో. ఎక్కడెక్కడో అన్నది ఆ పెట్టెకు తెలియదు, నాకూ తెలియదు. ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్లకు పైగా తొక్కిన దూరానికైతే ఈ మాత్రం లెక్క కూడా లేదు. ఎవరైనా అప్పుడే ఒక పెట్టె బిగించి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ పొద్దు వసారాలో కూర్చొని చాలాసేపు అనుకున్నాను.

కొత్త సెల్ వేసి, చక్రం కొలత 2,220 అని, మొత్తం గడిలో 6,318 అని ఎక్కించాను.

ఊరికి పోయినప్పుడల్లా ఆ సైకిలు తొక్కుతాను. తొక్కే ముందు స్పోకుకున్న అయస్కాంతం విప్పి జేబులో వేసుకుంటాను.